పేరంటాలికి చీర

పడవ కారు డిక్కీలో వచ్చింది. మడిచిన టార్పాలిన్ పట్టలా ఉంది. రాజేష్ దాన్ని కంభం చెరువు ఒడ్డున పరిచి, కాలితో తొక్కే పంపుతో గాలి కొట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నారింజ రంగు. రెండు కొసలూ మొనదేలి, లోపల ఒకదాని వెనక ఒకటిగా మూడు సీట్లు. రాజేష్ దాన్ని కయాక్ అన్నాడు. వాళ్ళ నాన్న గురవయ్య ట్యూబు అన్నాడు. సుబ్బులమ్మ దానికి ఏ పేరూ పెట్టలేదు. చీర ఉన్న సంచిని పొట్టకు అదుముకుని, పొద్దు ఎంత ఎక్కిందో చూసింది.

తొమ్మిదికల్లా నీళ్ళ మీద ఉండాలనుకున్నారు. పదిన్నర అయింది. గిద్దలూరు నుంచి గురవయ్య కారు ఆలస్యంగా వచ్చింది. వచ్చినవాడు దిగలేదు. అద్దం దించుకుని కూర్చున్నాడు.

“మోకాళ్ళు పట్టుకున్నాయి సుబ్బులూ. మీరు పోయిరాండి. నేను ఫోన్లో దోవ చెప్తా.”

“నీళ్ళల్లో దోవ యాడుంటది అన్నా?”

“ఉంటది. నాకు తెలీదా ఏంది?”

రాజేష్‌కు పన్నెండు రోజుల్లో పెళ్ళి. అతను బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఆదివారాలు ఈ పడవ వేసుకుని అక్కడి చెరువుల్లో తిరుగుతాడు. వెంకటసుబ్బులమ్మ అతని మేనత్త. ఆమెకు అరవై మూడేళ్ళు. ఆమె కూతురు రేణుక మార్కాపురంలో టీచరు. ఈ ముగ్గురూ పడవెక్కాలి. చెరువు అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో నడిమిరేవు అనే చిన్న ఊరుండేది. గురవయ్య, సుబ్బులమ్మ అక్కడ పుట్టారు. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. చాలా ఏళ్ళ తర్వాత ఈ ఏడు చెరువు నిండింది. ఊరికి పోయే బండిదారి నీళ్ళ కింద ఉంది. కొండ చుట్టి పోతే కాలిదారి ఒకటి ఉంది గానీ, అది మేకలకు, మేకల వెంట పోయేవాళ్ళకు.

వాళ్ళ ఇంటి వెనక దొడ్లో ఒక రాయి ఉండేది. మోకాలెత్తు పలకరాయి. దాని మీద కుడిచెయ్యి ఎత్తి నిలబడ్డ ఆడమనిషి. ఆమె పేరు ఎవరికీ తెలియదు. ముత్తాతల నాటి కోడలు. మరిది పెళ్ళికి కొన్న కొత్త చీర కట్టుకోకుండానే జ్వరంతో పోయింది. ముత్తైదువగా పోయింది కనుక పేరంటాలైంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ పెళ్ళయినా మొదటి చీర ఆమెకు. రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చీర పెట్టాకే పెళ్ళిపనులు మొదలవుతాయి.

పెట్టే చెయ్యి ముత్తైదువది కావాలి. రేణుకను అందుకే తీసుకొచ్చారు. సుబ్బులమ్మ భర్త పోయి నలభై రెండేళ్ళు. ఆమె చోటు చూపించాలి, అంతే. గురవయ్య భార్య యశోద నిన్న ఫోన్ చేసి మళ్ళీ గుర్తుచేసింది.

“ఏమనుకోవద్దు వదినా. చెయ్యి మాత్రం రేణుకదే ఉండాల.”

“నాకు తెలీని సంగతా యశోదా,” అన్నది సుబ్బులమ్మ.

పడవ ఎక్కడమే కుదరలేదు. కాలు పెడితే పడవ జరిగింది. రాజేష్ నడుము లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులా పట్టుకున్నాడు. ముందు సీట్లో రేణుక, మధ్యలో సుబ్బులమ్మ, వెనక రాజేష్. లైఫ్ జాకెట్ సుబ్బులమ్మకు గొంతు దాకా వచ్చింది.

“ఇదేంది నాయనా, ఊపిరాడనీదు.”

“అది ఊపిరి ఆగకుండా ఉండడానికే అత్తా.”

“అమ్మా, కదలొద్దు,” అన్నది రేణుక.

“నేనెక్కడ కదులుతున్నా? అదే కదులుతుంటే.”

పదిహేడేళ్ళు ఆమె ఈ నీళ్ళ పక్కన బతికింది. ఒక్కసారీ నీళ్ళ మీదికి పోలేదు. తెప్పలేసుకుని పోయేది చేపలు పట్టేవాళ్ళు. సేద్యం చేసేవాళ్ళకు నీళ్ళు పొలంలోకి రావాలి గానీ, నీళ్ళలోకి పోయే పని లేదు. అందుకే పడవ ఒడ్డు వదిలి ఇటు తిరగ్గానే ఆమెకు ఏదీ గుర్తుపట్టరాలేదు. కొండలు ఉండాల్సిన చోట లేవు. ఎప్పుడూ ఎడమచేతి పక్క చూసిన గుట్ట ఇప్పుడు ఎదురుగా ఉంది. దాని వెనక ఇంకో గుట్ట ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

“యాడికి పోనీమంటావు అత్తా?”

“లోపలికి పోనీ.”

రాజేష్ తెడ్డు వేశాడు. రేణుక కూడా వేసింది గానీ ఆమె తెడ్డు నీళ్ళకంటే తల్లి మీదే ఎక్కువ చల్లింది. అరగంట పోయాక చుట్టూ నీళ్ళే ఉన్నాయి. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి వస్తున్నది.

“ఇంకా లోపలికా?”

“లోపలికంటే ఇట్లా కాదురా. లోపలికి.”

“ఇంతకంటే లోపల ఏముంది? ఇది చెరువు నడిమధ్య.”

“చెరువు లోపలికని చెప్తున్నా కదా!”

“మనం చెరువు లోపలే ఉన్నాం అత్తా! ఇంకా లోపలంటే మునగాల.”

తేడా ఎక్కడ వచ్చిందో తెలియడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. నడిమిరేవులో ‘లోపల’ అంటే నీళ్ళు కాదు. నీళ్ళు వెనక్కి పోయాక తేలే ఒండ్రు నేల. ఆ నేల మీద శనగలు చల్లేవాళ్ళు, దోసపాదులు పెట్టేవాళ్ళు. నిన్న లోపల దున్నినాం అనేవాళ్ళు. మేకలు లోపలికి పోయినాయి అనేవాళ్ళు. సుబ్బులమ్మకు చెరువు లోపల అంటే ఒక చేను. ఊరికి ఆనుకుని ఉండే అంచు. బెంగళూరు పిల్లవాడికి ఆ మాట నడిమధ్యగా వినిపించింది. తప్పు ఎవరిదీ కాదు. కానీ అరగంట పోయింది, రేణుక అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

రాజేష్ మెడలో ప్లాస్టిక్ కవర్లో వేలాడుతున్న ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

“యాడున్నారు?”

“నడిమధ్యలో నాన్నా.”

“ఆడెందుకు పోయినారు? కుడికి రాండి.”

“కుడంటే ఎటు మామా?” అన్నది రేణుక. “మాకు కుడా, మీకు కుడా?”

“మీకేంది నాకేంది, కుడి కుడే కదా.”

“మీరు అటు తిరిగి కూర్చున్నారు మామా, మేము ఇటు తిరిగి కూర్చున్నాం.”

గురవయ్య గొంతు తగ్గించాడు.

“అంత కష్టమైతే వద్దులేండి. యాడో ఒకచోట ఒడ్డున పెట్టి రాండి. రాయి నీళ్ళల్లో ఉన్నా ఆమెకు అందుతది.”

సుబ్బులమ్మ మెడ తిప్పి ఫోన్ వైపు చూసింది.

“ఆ మాట అనొద్దన్నా.”

“ఏమన్నా ఇప్పుడు?”

“పెట్టేయ్ ఫోను,” అన్నది ఆమె రాజేష్‌తో.

ఆ మాట ఆమె ముందొకసారి విన్నది. ఆమె పెళ్ళి ఏడు కూడా చెరువు నిండింది. దొడ్డి మునిగింది, రాయి మునిగింది. నాయన చీర తీసుకుని ఒడ్డు దాకా పోయి, నీళ్ళ అంచున పెట్టి, నీళ్ళల్లో ఉన్నా ఆమెకు అందుతదిలే అని తిరిగొచ్చాడు. పెళ్ళి జరిగింది. మార్కాపురంలో పలకల గనిలో పనిచేసే మనిషి. మంచివాడు. నాలుగేళ్ళకు గనిలో పైనుంచి రాతిపెళ్ళ విరిగి మీద పడింది. రేణుకకు అప్పుడు రెండేళ్ళు.

సుబ్బులమ్మ పలకల షెడ్డులో పనికి కుదిరింది. నల్ల పలకకు నాలుగు చెక్కలు బిగించి చట్రం కొట్టే పని. ఇరవై ఎనిమిదేళ్ళు కొట్టింది. ఏ ఊళ్ళోనో ఏ పిల్లలో ఆమె బిగించిన పలకల మీద అక్షరాలు దిద్దారు. తర్వాత పలకలు అడిగేవాళ్ళు తగ్గారు. షెడ్డు మూశారు. రేణుకకు అప్పటికే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు కూతురి ఇంట్లో వంట చేస్తుంది, మనవరాలికి జడ వేస్తుంది. ఆ ఒడ్డున పెట్టిన చీర సంగతి ఎవరితోనూ అనలేదు. భర్త అందుకే పోయాడని ఆమె చెప్పదు. అందుకు కాదని కూడా చెప్పలేదు. రాజేష్ పెళ్ళి కుదిరిందని, చెరువు నిండిందని ఒకే వారంలో తెలిసినప్పుడు మాత్రం, ఈసారి ఒడ్డున పెట్టడం కుదరదు అన్నది. పడవ సంగతి రాజేష్ ఎత్తాడు. అతను సరదాకు అన్నాడు. ఆమె పట్టుకుంది.

ఊరి దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

ముందు సర్కారు తుమ్మ అడ్డమొచ్చింది. చెట్లు సగం దాకా నీళ్ళలో ఉన్నాయి. ముళ్ళు గుచ్చుకుంటే పడవ పోతుంది. రాజేష్ ఒక్కొక్క కొమ్మనూ తెడ్డుతో పక్కకు నెట్టి, తల వంచి, తిట్టుకుంటూ దారి చేశాడు. ఒకచోట రేణుక జడ కొమ్మకు చిక్కింది. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు.

“కత్తిరించేయండి,” అన్నది ఆమె ఏడుపు గొంతుతో.

“ఉండవే. జడ తీయడానికి ఏమంత తొందర,” అని సుబ్బులమ్మ ఒక్కొక్క పాయే విడదీసింది.

తర్వాత నీళ్ళు తేటబడ్డాయి. గోడలు కనిపించాయి.

నడిమిరేవు చెరువు లోపల కట్టిన ఊరు. ఆ సీమలో వాన లేని ఏళ్ళు వరసగా పది వస్తాయి, పదిహేను వస్తాయి. అన్నేళ్ళు నీళ్ళు రాకపోతే అది చెరువన్న సంగతి మనుషులు మరచిపోతారు. మొదట చేను వేస్తారు. చేను కాపలాకు గుడిసె వేస్తారు. గుడిసె పక్కన పశువులకు తొట్టి కడతారు. తర్వాత గోడలు లేస్తాయి. తర్వాత ఒక ఏడు చెరువు నిండుతుంది, అందరూ ఆశ్చర్యపోతారు. నీళ్ళు పోయాక మళ్ళీ అక్కడే గోడలు లేపుతారు. నాలుగోసారి మునిగినప్పుడు ఊరు లేచిపోయింది. కొందరు అర్ధవీడుకు, కొందరు కంభానికి. గురవయ్య గిద్దలూరు పోయి సిమెంటు దుకాణం పెట్టాడు.

“ఇదే,” అన్నది సుబ్బులమ్మ.

నాలుగు గోడలు నడుమెత్తు మిగిలాయి. పలకరాతి ముక్కలు పేర్చి కట్టిన గోడలు. గుమ్మం ఎవరో ఎత్తుకుపోయారు. గుమ్మం ఉన్నచోట ఖాళీ ఉంది. పడవ అందులోంచి ఇంట్లోకి పోయింది. నీళ్ళు మోకాలి లోతు. అడుగున బండలు కనిపిస్తున్నాయి. చిన్న చేపలు ఒకేసారి గది మూలకు పోయి ఆగాయి.

“ఇది నడవ. అది వంటిల్లు. పొయ్యి ఆ మూల.”

ఆమె చెప్పేది రాజేష్ ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

“ఇంకోసారి చెప్పు అత్తా, గాలి చప్పుడు పడింది.”

“పొయ్యిని రెండుసార్లు చెప్పేదేంది? దొడ్లోకి పోనీ.”

వెనక గోడ కూలింది. దాని మీదుగా పడవ దొడ్లోకి పోలేదు, రాళ్ళు తగిలాయి. రాజేష్ దిగి లాగాడు. దొడ్లో నీళ్ళు నడుము లోతు, బురద. పశువుల రాతితొట్టి తెడ్డుకు తగిలింది. సుబ్బులమ్మ మొఖం విప్పారింది. తొట్టికి కుడి పక్క, నాలుగడుగులు. ఆమె వేలు పెట్టి చూపించింది.

రాజేష్ కాళ్ళతో తడిమాడు. ఏమీ లేదు. ఆరడుగులు. ఎనిమిది. తొట్టికి ఇటు, తొట్టికి అటు. పగిలిన కుండ మెడ ఒకటి తగిలింది. సైకిల్ చక్రం తగిలింది. కాలికి ముల్లు దిగింది. గంట గడిచింది. రేణుక కూడా దిగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఎవరో పడేసిన ఉంగరం వెతికేవాళ్ళలా, ఒక్కో అడుగూ జరుపుతూ పోయారు. పడవలో ఒక్కతే కూర్చున్న సుబ్బులమ్మ నీళ్ళ మీద చెయ్యి చాపి, అక్కడ కాదు, ఇటు, ఇటు అంటున్నది.

“నీకు సరిగ్గా గుర్తుందా అమ్మా?”

“నేను రోజూ కుడితి పోసిన తొట్టి అది. నాకు గుర్తులేకపోవడమేంది?”

“మరి లేదు కదా.”

“ఉంటది.”

“అత్తా, ఒక పని చేద్దాం,” అన్నాడు రాజేష్. పెదవులు నీలంగా ఉన్నాయి. “ఈ చోటు ఫోటో తీసుకుందాం. ఇంటికిపోయి ఫోటోకు పెడదాం చీర.”

“నీ పెళ్ళి గూడా ఫోటోతోనే చేసుకో పో.”

అతను పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. రేణుక తల్లిని చూడకుండా అన్నది.

“ఇక్కడే నీళ్ళలో వదిలేద్దాం అమ్మా. మామ చెప్పినట్టు. మనం చేయగలిగింది చేశాం.”

“చేయలేదు.”

“ఇంకేం చేయమంటావు?”

సుబ్బులమ్మ సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు పైనుంచి ఎవరో అరిచారు.

“ఎవురు మీరు? చేపలోళ్ళా?”

మెరక మీద, మేకల మధ్య, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి నిలబడి ఉంది.

“చేపలోళ్ళం కాదు. నడిమిరేవోళ్ళం.”

“నడిమిరేవులో ఎవురూ లేరు.”

“నేను గురవయ్య చెల్లెల్ని!”

ఆ మనిషి గబగబా కిందికి దిగి, నీళ్ళ అంచుకు వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సుబ్బులక్కవా? పలకల ఊరికిచ్చిన సుబ్బులక్కవా? నేను దీనమ్మను. మా అమ్మ మీకు కళ్ళాలూడ్చేది.”

పడవను ఒడ్డుకు లాగారు. సుబ్బులమ్మ ఒక చేత్తో సంచి పట్టుకుని దిగింది. దీనమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇంకా ఏమీ అడగకముందే అన్నది.

“ఇన్నాళ్ళకా రావడం? ఈసారన్నా తీస్కపోతారా మీ అమ్మను?”

“ఏ అమ్మను?”

“మీ రాయమ్మను.”

మెరక మీద దీనమ్మ మేకలదొడ్డి. చుట్టూ తుమ్మకంప. లోపల ఒక పక్కగా గోనెసంచి కప్పి ఉంది. సంచి తీస్తే రాయి. బోర్లా పడుకోబెట్టి ఉంది.

“మొకం కిందికి పెట్టినా. మేకలు యాడబడితే ఆడ పోస్తాయి కదా.”

చెరువు పూర్తిగా ఎండిన ఏడు ఒండ్రు తోలేవాళ్ళు ట్రాక్టర్లు తెచ్చారట. ఒకడు చక్రం తగిలించి రాయిని పడేశాడు. దాని మీద నుంచే తోలబోయాడు. దీనమ్మ, అప్పుడు బతికున్న ఆమె మొగుడు, ఇద్దరూ దాన్ని ఇక్కడికి మోసుకొచ్చారు.

“నువ్వు చర్చికి పోతావు కదా దీనమ్మా,” అన్నది సుబ్బులమ్మ.

“పోతా. పోతే ఏంది? ఆడమనిషి మొకం కదక్కా. వాడు చక్రం ఎక్కిస్తుంటే చూస్తా ఊరుకోవాల్నా?”

రాజేష్ వంగి రాయి అంచు ముట్టుకున్నాడు. “ఇదేనా,” అన్నాడు. మొదటిసారి అతని గొంతులో సరదా లేదు.

“మీరు ఎప్పుడొస్తారో అని చూస్తున్నా,” అన్నది దీనమ్మ. “వచ్చే నెల మేకలమ్మేసి పామూరులో నా బిడ్డ దగ్గరికి పోతున్నా. నేను పోతే ఈడ ఎవురుంటారు? మీ అన్నకు రెండుసార్లు ఫోన్ గూడా చేయించినా.”

“మా అన్నకా?”

“ఆయన చూసినాడు కదా. ఆరేండ్ల కింద వచ్చినాడు. అప్పుడు దోవ పొడిగానే ఉండె. ట్రాక్టరు తోలుకొస్తానని పోయినాడు.”

రేణుక తల్లి వైపు చూసింది. రాజేష్ ఎవరి వైపూ చూడలేదు. సుబ్బులమ్మ చెయ్యి చాపింది. అతను ఫోన్ మెడలోంచి తీసి, నంబరు నొక్కి ఇచ్చాడు.

“అన్నా. రాయి దొరికింది.”

“యాడ?” అన్నాడు గురవయ్య.

“నీకు తెలుసు యాడో. పొద్దున్నుంచి ఎండలో, నీళ్ళల్లో తిప్పినావు మమ్మల్ని. ఆడ లేదని తెలిసే.”

“ఒడ్డున పెట్టేసి వస్తారనుకున్నా.”

“నాకెందుకు చెప్పలా?”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా? తేవాలంటావు. తెచ్చి యాడ పెట్టాల? కొత్తిల్లు కట్టినాం. ఈశాన్యంలో రాయి వద్దని వాస్తాయన. ఆ పక్క సంపు. వాకిట్లో పెడదామంటే, సమాధిరాయి లాగా ఏందని మీ వదిన. నన్నేం చేయమంటావు?”

“మా ఇంట్లో చోటు లేదని నాకు చెప్పాల.”

“ఎట్ల చెప్తారే ఆ మాట? మన ఇంటి పేరంటాలుకు మన ఇంట్లో చోటు లేదని ఎట్ల చెప్తారు?” గురవయ్య గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గింది. “నాయన గూడా ఒడ్డునే పెట్టినాడు కదా.”

“పెట్టినాడు,” అన్నది సుబ్బులమ్మ.

అన్నకు ఆ పెళ్ళి గుర్తుందని, ఆ తర్వాతి నాలుగేళ్ళు గుర్తున్నాయని అతని మాటలోనే ఆమెకు తెలిసింది. తెలిసినందుకు కోపం తగ్గలేదు.

“సరే సుబ్బులూ, దొరికింది కదా. ఆడనే పెట్టేయండి చీర.”

రేణుక అప్పటికే పసుపు పొట్లం విప్పుతున్నది. సుబ్బులమ్మ వద్దని చెయ్యి ఊపింది.

“పడుకున్న రాయికి పెట్టరు. నిలబెట్టాల. నిలబెట్టినాక మళ్ళీ కదిలించకూడదు. ఈడ నిలబెడితే వచ్చే నెల నుంచి ఆమెకు మొకం చూసే దిక్కుండదు.”

“మరి?”

“మార్కాపురం తీస్కపోతా. మా ఇంట్లో ఉంటది.”

“మన ఇంట్లోనా?” అన్నది రేణుక. “ఆయన్ని అడగాలి కదా అమ్మా.”

“అల్లుణ్ణి నేనడుగుతా.”

“అదెట్ల కుదురుతది?” గురవయ్య గట్టిగా అన్నాడు. “పేరంటాలు ఆడపిల్ల ఇంటికి పోదు. యాడన్నా ఉందా?”

“నేను పోలేదా?”

యశోద ఏమంటుందో అన్నాడు గురవయ్య. అయ్యవారిని అడగాలన్నాడు. ఎండ తగ్గిపోతున్నదన్నాడు. సుబ్బులమ్మ ఫోన్ రాజేష్‌కు ఇచ్చేసింది. లోపల గురవయ్య ఇంకా మాట్లాడుతున్నాడు.

రాయి ఎత్తడానికి నలుగురు పట్టారు. ఒక కొసన సుబ్బులమ్మ పట్టింది. ఎవరూ వద్దనలేదు, బరువు అలాంటిది. తిప్పినప్పుడు మొఖం కనిపించింది. ముక్కు అరిగింది, కళ్ళు రెండు గీతలు. ఎత్తిన చేతికి వేళ్ళు సరిగ్గానే ఉన్నాయి. సంచీ చుట్టి, దీనమ్మ మేకల తాళ్ళతో కట్టి, మెరక దింపేసరికి నలుగురికీ ఊపిరి అందలేదు. పడవ మధ్య సీటు తీసేసి అందులో పడుకోబెట్టారు. పడవ కిందికి దిగింది.

రాజేష్ నీళ్ళ గీత చూశాడు. గాలి చూశాడు. పడమటి నుంచి లేచింది; పోయే దారిలో అడ్డంగా కొడుతుంది.

“అత్తా,” అన్నాడు. తెడ్డు చేతులు మార్చుకున్నాడు.

“ఏంది?”

“రాయి నీ అంత బరువుంది. ఇంకో మనిషి పట్టదు.”

“అయితే రేణుకను ఉంచు.”

“ఈ గాలికి ఇద్దరు తెడ్డు వేయాల. ఆ ఒడ్డున దించాలన్నా ఇద్దరుండాల. నాన్న మోకాళ్ళతో దిగలేడు. నువ్వు తెడ్డు వేయలేవు.” వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “పోను గంటన్నర. ఖాళీ పడవ కాబట్టి రాను గంట. ఆరుకల్లా వచ్చేస్తా. చీకటి పడకుండానే.”

రేణుక, వద్దు అమ్మా, రేపు వద్దాం, రాయి ఎక్కడికీ పోదు కదా అన్నది. ఆరేళ్ళు అదే అన్నారు కదా అన్నది సుబ్బులమ్మ. రేణుక, తల్లి విప్పేసిన లైఫ్ జాకెట్ మళ్ళీ ఆమెకు వేయబోయి, ఒడ్డున ఉండే మనిషికి అదెందుకని పడవలో వేసింది.

“సంచి ఇటివ్వు, చీర నా దగ్గరుంచుతా.”

“ఉండనీ. ఆ తడిలో యాడ పెడతావు.”

వాళ్ళు పోయారు. గుమ్మం లేని ఇంట్లోంచి, తుమ్మల్లోంచి పడవ మెల్లగా బయటపడింది. ముందు కూతురు, వెనక మేనల్లుడు, మధ్యలో సంచిలో చుట్టిన రాయి. రేణుక ఒకసారి వెనక్కి తిరిగింది. తిరగ్గానే పడవ వాలింది. రాజేష్ అరిచాడు. మళ్ళీ తిరగలేదు.

సుబ్బులమ్మ తన ఊళ్ళో నిలబడి ఉంది. నలభై ఆరేళ్ళలో ఇక్కడ ఇంతసేపు నిలబడటం ఇదే మొదలు. పొద్దున్నుంచి ఊరు చూడడానికి వీలు కాలేదు. ఇప్పుడు చూడడానికి వేరే పని లేదు. చూసేందుకు గోడలు, నీళ్ళు, కంప. కోపం వచ్చింది. ఎవరి మీదో నిర్ణయించుకోలేకపోయింది. అన్న మీద అనుకుంది. నాయన మీద అనుకుంది. చెరువు మీద అనుకుంటే అందులో అర్థం లేదు.

దీనమ్మ గోనెపట్ట ఒకటి తెచ్చి కింద పరిచింది. “కూసో అక్కా. ఎంతసేపని నిలబడతావు?”

“కూర్చుంటాలే.”

కూర్చోలేదు. దీనమ్మ కూడా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు చూసింది.

“వస్తాడా ఆ పిల్లోడు?”

“వస్తాడు. రాక యాడికి పోతాడు?”

“మీ అన్న గూడా ఆ మాటే చెప్పి పోయినాడు,” అన్నది దీనమ్మ. ఎత్తిపొడవడానికి కాదు, అలా జరిగింది కాబట్టి చెప్పింది. తర్వాత మేకలను అదిలిస్తూ దొడ్డి వైపు పోయింది.

సుబ్బులమ్మ అక్కడే నిలబడి చూస్తూ ఉంది. గాలి బలంగా ఉంది. దూరంగా నీళ్ళ మీద నారింజ రంగు చుక్క. అది ముందుకు పోతున్నదో, ఆగి ఉన్నదో ఇక్కడి నుంచి తెలియడం లేదు.